రెండు ఫిరంగుల సెక్షన్ నడపడం: తప్పుల లెక్కతో సహా ప్రాజెక్టు డైరీ

అమెరికా అంతర్యుద్ధం (1861–65) నాటి పోరాటాలను మైదానంలో మళ్లీ ఆడి చూపించే దళంలో నాలుగేళ్లుగా ఫిరంగి దగ్గర ఉన్నాను. మొదట మందు పొట్లాలు మోసే పని, తర్వాత తాడు లాగే పని, ఆపైన గురి చూసే పని. ఈ సీజన్‌లో రెండు ఫిరంగుల సెక్షన్ నా చేతికి ఇచ్చారు. లెఫ్టినెంటు కోటు, నడుముకు కత్తి, చుట్టూ పదహారు మంది.

ఫిరంగి ఎలా పేల్చాలో చెప్పేవాళ్లు మా దళంలోనే అరడజను మంది ఉన్నారు. పేల్చేవాళ్లను ఎలా నడపాలో నాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. అందుకే ఈ డైరీ. ఇందులో నా తప్పులు ఎక్కువ కనిపిస్తాయి. వాటిని మీరు మళ్లీ చెయ్యనక్కర్లేదు.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఇక్కడి మందు కొలతలు, దూరాలు, ఆగే సమయాలు మా దళం పెట్టుకున్నవి. మీ గొట్టం వేరు, మీ దళం నియమాలు వేరు. మీ దళంలో భద్రత చూసే మనిషి ఏం చెబితే అదే వినండి.

దశ 0: చేతిలో ఉన్న సరుకు

ఒకటో ఫిరంగి: 3 అంగుళాల ఆర్డ్‌నెన్స్ రైఫిల్ నమూనా. అసలుది చేత ఇనుముతో చేసినది, గొట్టం ఒక్కటే సుమారు 820 పౌండ్లు. యుద్ధంలో దానికి 1 పౌండు మందు వేసేవాళ్లు. మేం గుండు లేకుండా 6 ఔన్సులు వేస్తాం.

రెండో ఫిరంగి: 1841 మోడల్ 6 పౌండర్ (6 పౌండ్ల గుండు పేల్చేది) నమూనా. అసలుది కంచు, గొట్టం 884 పౌండ్లు, లోపలి వ్యాసం 3.67 అంగుళాలు. అప్పట్లో పౌండుంపావు మందు, మాకు 8 ఔన్సులు.

మనుషులు: ఒక్కో ఫిరంగికి ఒక సార్జెంటు, ఒక గోలందాజు (గురి చూసేవాడు), 1 నుంచి 6 దాకా నంబర్లు. అసలు డ్రిల్లులో 7 నంబర్లు ఉండాలి. మేం ఆరు, ఏడు కలిపి ఒకరికే ఇచ్చాం.

మందు: 25 పౌండ్లు, అంటే 400 ఔన్సులు. పాతకాలపు ఆయుధాల్లో సరదా కోసం వాడే బ్లాక్ పౌడర్‌ని 50 పౌండ్ల దాకా పర్మిట్ లేకుండా ఉంచుకోవడానికి అమెరికా ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది. రాష్ట్రానికీ ఊరికీ వేరే నియమాలు ఉండొచ్చు, అవి కూడా చూసుకోవాలి. (దీన్ని తెలుగులో ఏమనాలన్నది వేరే తలనొప్పి. 'నల్లమందు' అంటే నల్లమందే అనుకుంటారు. 'మందు' అంటే ఇంకోటి అనుకుంటారు. ఇంట్లో 25 పౌండ్ల మందు ఉందని ఫోన్‌లో అమ్మకి చెప్పి చాలా తిట్లు తిన్నాను. ఈ డైరీలో మందు అంటే తుపాకి మందే.)

కొత్తవాళ్ల కోసం నంబర్ల పని. ఫిరంగి నోరు చూసే దిక్కుకు ముఖం పెట్టి నిలబడి చదవండి:

1. ఒకటో నంబరు, నోటి దగ్గర కుడివైపు: స్పంజి కర్రతో గొట్టం తుడుస్తాడు, పొట్లాన్ని లోపలికి తోస్తాడు.
2. రెండో నంబరు, నోటి దగ్గర ఎడమవైపు: గొట్టంలో మిగిలిన చెత్తని మెలితిరిగిన కొక్కెం కర్రతో లాగుతాడు, పొట్లం నోట్లో పెడతాడు.
3. మూడో నంబరు, వెనక కుడివైపు: గొట్టం పైనున్న రంజకపు రంధ్రాన్ని తోలు తొడుగు వేసుకున్న బొటనవేలితో మూస్తాడు, తర్వాత చువ్వతో పొట్లాన్ని పొడుస్తాడు.
4. నాలుగో నంబరు, వెనక ఎడమవైపు: ఫ్రిక్షన్ ప్రైమర్ (ఒరిపిడితో నిప్పు పుట్టించే చిన్న గొట్టం) రంధ్రంలో పెట్టి తాడు లాగుతాడు.
5. ఐదో నంబరు లింబర్ (ఫిరంగి వెనక నిలిపే రెండు చక్రాల బండి) మీది పెట్టె నుంచి పొట్లం తెస్తాడు. ఆరో నంబరు పెట్టె మూత కాస్తాడు.

మైదానంలో మేం ఎవర్నీ పేరు పెట్టి పిలవం. నంబరే పేరు.

మొత్తం లెక్క: పేల్చినవి 0. మందు 400 ఔన్సులు.

దశ 1: గొంతు

పాత డ్రిల్లు ప్రకారం పక్కపక్కన నిలిచిన రెండు ఫిరంగుల మధ్య 14 గజాలు ఉండాలి. మేం టేపు పెట్టి 14 గజాలే పెట్టాం. అందరి చెవుల్లోనూ ప్లగ్గులు. నేను మధ్యలో నిలబడి, వరస మార్చి మార్చి 12 ఆజ్ఞలు అరిచాను. వినబడ్డ ప్రతిదాన్నీ సార్జెంట్లు రాసుకున్నారు.

పేల్చకముందు: ఒకటో ఫిరంగికి 12కి 12, రెండోదానికి 12కి 11.
పేల్చుతూ ఉండగా: ఒకటోదానికి 12కి 7, రెండోదానికి 12కి 4.

పన్నెండింట్లో నాలుగు వింటే మిగిలిన ఎనిమిది వాళ్లు ఊహించి చేస్తున్నట్టే. చెవి సగం మూసుకున్న మనిషికి 'లోడ్', 'హోల్డ్' ఒక్కలాగే వినిపిస్తాయని ఆ రోజే తెలిసింది. ఒకటి నింపమనడం, రెండోది ఆగమనడం. 'హోల్డ్' అనే మాటని మా మైదానంలో అప్పటికప్పుడే నిషేధించాను.

అదే రోజు ఇంకో తప్పు జరిగింది, రాయడానికి సిగ్గుగానే ఉంది. ఒకటో ఫిరంగి నింపి ఉంది, నాలుగో నంబరు తాడు బిగించి నిలబడ్డాడు. చెట్ల వరస వెనక నుంచి ఒకాయన కుక్కని నడిపించుకుంటూ ముందువైపు మైదానంలోకి వచ్చేశాడు. నేను గొంతు చించుకుని అరిచాను. అరిచింది "ఆగండి! ఆగండాగండి!" అని.

పదహారు మందిలో బిగుసుకుపోయింది ఒక్కడే, రెండో ఫిరంగి ఐదో నంబరు. వాడొక్కడే తెలుగు కుర్రాడు. మిగిలినవాళ్లు అలాగే నిలబడి నా వైపు చూశారు. కుక్కనీ మనిషినీ గోలందాజు తన కళ్లతో చూసి చెయ్యి అడ్డం పెట్టాడు కాబట్టి ఏమీ కాలేదు.

సాయంత్రం సామాను సర్దుతుంటే కుర్రాడు మెల్లిగా అన్నాడు. "అన్నా, తెలుగులో అరిచారు."

"తెలుసురా."

"నేను ఆగాను కదా."

"నువ్వొక్కడివే ఆగావు. అదే కదా బాధ."

కంగారులో నోటికి వచ్చేది నేర్చుకున్న మాట కాదు, పుట్టినప్పటి మాట. దీనికి విరుగుడు ఒక్కటే, సాధన. రెండు వారాలు ఆఫీసుకి కారులో వెళ్తూ, ఎర్ర లైటు పడ్డ ప్రతిసారీ 'సీజ్ ఫైర్' అని అరిచాను. పక్క కార్లవాళ్లు ఏమనుకున్నారో నాకు అనవసరం.

మార్చినవి:

1. ప్రతి ఆజ్ఞా రెండు ముక్కలు. మొదటిది సాగదీసి, రెండోది కొట్టినట్టు. మధ్యలో ఒక ఊపిరి ఖాళీ.
2. మాటతో పాటు చేతి సైగ. కుడి చెయ్యి నిట్టనిలువుగా లేపితే 'సిద్ధం'. దించితే 'పేల్చు'. తలపైన రెండు చేతులూ అడ్డంగా పెడితే 'ఆపు'.
3. నా సైగని సార్జెంట్లు ఇద్దరూ తిరిగి చూపించేదాకా తర్వాతి ఆజ్ఞ లేదు.
4. ఆపడానికి మాట ఒక్కటే, 'సీజ్ ఫైర్'. అది నా ఒక్కడి సొత్తు కాదు. ప్రమాదం చూసిన ఎవరైనా, ఆరో నంబరైనా అరవొచ్చు. అరిచాక ఎందుకని అప్పుడు అడగం.

చెవుల్లో ప్లగ్గులతో, పక్కన జనరేటర్ మోగిస్తూ మళ్లీ పరీక్ష పెట్టాం. రెండు ఫిరంగులకీ 12కి 12. కుడి చేతి సైగలో ఒక గొయ్యి ఉంది. అది నాకప్పుడు కనబడలేదు. నాలుగో దశలో అందులో పడ్డాను.

మొత్తం లెక్క: పేల్చినవి 8 (ఒక్కోదానికి 4). వాడిన మందు 56 ఔన్సులు. మిగిలింది 344.

దశ 2: నిలబడే చోటు

ఇది త్వరగా తేలింది. మూడు చోట్లు ప్రయత్నించాను.

ఒకటో ఫిరంగి పక్కన నిలబడితే అది మొత్తం కనబడింది, రెండోది పొగలో పోయింది. రెండు నోళ్ల వరసకి కొంచెం ముందుకి జరిగితే అన్నీ బాగా కనబడ్డాయి. పది సెకన్లలో మా భద్రత సార్జెంటు నా కోటు పట్టుకుని వెనక్కి లాగాడు. పేలే నోటికి ముందు ఎవరూ ఉండకూడదు, లెఫ్టినెంటు కూడా.

చివరికి డ్రిల్లులో ఉన్న చోటికే వచ్చాను: రెండు ఫిరంగుల మధ్యన, ఫిరంగులకీ లింబర్లకీ నడుమ. అక్కణ్ణుంచి ఇంకో నాలుగడుగులు గాలి వచ్చే వైపుకి. ఈ నాలుగడుగులే నాకు తెలిసొచ్చిన కొత్త విషయం. స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే, గాలి ఉన్న రోజు ముందువైపు పొగ విడిపోవడానికి 11 నుంచి 19 సెకన్లు పట్టింది. గాలి లేని సాయంత్రం 40 దాటింది. గాలికి ఎదురు పక్క నిలబడితే అందులో సగం సమయం ముందువైపు కొంతైనా కనబడుతుంది.

లింబర్లను 10 గజాలు వెనక పెట్టాం. పొట్లం తీసిన ప్రతిసారీ మూత పడిన చప్పుడు నాకు వినబడాలి. వినబడకపోతే నింపే ఆజ్ఞ ఇవ్వను.

మందు వాడలేదు.

దశ 3: గడియారం

యుద్ధకాలంలో మంచి సిబ్బంది నిమిషానికి రెండు గుళ్లు గురి చూసి పేల్చేవాళ్లు. మా దళం నియమం: పేలిన క్షణం నుంచి 3 నిమిషాలు నిండేదాకా కొత్త పొట్లం గొట్టం నోటి దగ్గరికి రాకూడదు. లోపల నిప్పు రవ్వ ఉంటే ఆరిపోవడానికి ఆ సమయం. చూసేవాళ్లకి మూడు నిమిషాల నిశ్శబ్దం చాలా పెద్దది. అందుకే రెండు ఫిరంగుల్నీ ఒకదాని తర్వాత ఒకటి పేల్చాలి, మధ్య సమయాన్ని కమాండర్ పట్టుకోవాలి.

ఒక పేలుడు నుంచి ఇంకో పేలుడుకి మా వరస:

1. పేలుడు. నా వాచీ మొదలు.
2. మూడో నంబరు రంధ్రం మూస్తాడు. మూసింది చెయ్యెత్తి చూపిస్తాడు.
3. కొక్కెం కర్ర. పొట్లం తాలూకు అల్యూమినియం రేకు ముక్కలు బయటికి.
4. తడి స్పంజి.
5. పొడి స్పంజి.
6. 3:00 అయ్యేదాకా అందరూ కదలకుండా.
7. పొట్లం, తోయడం. తోసేటప్పుడు ఒకటో నంబరు అరచెయ్యి పైకి, బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే. కర్రని గుప్పెట్లో బిగించకూడదు. పొరపాటున పేలితే కర్ర చేతిలోంచి జారిపోవాలి, చెయ్యి దానితో పోకూడదు.
8. పొడవడం, ప్రైమర్, తాడు.

కొత్తవాళ్లు ఎప్పుడూ అడిగేది రెండో అంకె గురించే. బొటనవేలు ఎందుకు? స్పంజి లోపలికీ బయటికీ ఆడుతుంటే గొట్టంలో గాలి కొలిమి తిత్తిలో ఆడినట్టు ఆడుతుంది. పైన రంధ్రం తెరిచి ఉంటే మిణుకుమిణుకుమనే రేకు ముక్క కూడా రాజుకుంటుంది. మూస్తే గాలికి దారి లేదు. వేలు తీసిన మూడో నంబరు తల మీద స్పంజి కర్రతో కొట్టే హక్కు ఒకటో నంబరుకి ఉందని మాలో ఒక పాత జోకు.

జోకు కానిది ఒకటి చెబుతాను. 1861 ఏప్రిల్ 14న ఫోర్ట్ సమ్టర్‌ని అప్పగించి వెళ్లేటప్పుడు యూనియన్ (ఉత్తరాది) సైనికులు జెండాకి 100 ఫిరంగుల వందనం మొదలుపెట్టారు. ముందు రోజుల ఫిరంగి దాడిలో ఒక్కరూ చావని దళంలో, ఆ వందనంలో ఒక పొట్లం అకాలంగా పేలి డేనియల్ హౌ అనే సైనికుడు చనిపోయాడు. వందనాన్ని 50కే ఆపేశారు. ఎదుట శత్రువు కాల్చడం లేదు, గొట్టంలో గుండూ లేదు. మేం మైదానంలో చేసేది సరిగ్గా ఆ పనే. కొత్తవాళ్లకి వేరే ఉపన్యాసం ఇవ్వను, ఇదొక్కటే చెబుతాను.

సరే, కొలతలు. ఒక్కోదానికి ఆరు పేలుళ్లు, అంటే అయిదు విరామాలు.

ఒకటో ఫిరంగి: 3:38, 3:41, 3:36, 3:44, 3:40.
రెండో ఫిరంగి: 3:55, 4:02, 4:10, 4:21, 4:30.

రెండో వరస చూడండి. పోను పోను నెమ్మదిస్తోంది. అలసట అనుకుని ఒకటో నంబరుని మార్చాను, తేడా లేదు. స్పంజి తల కొలిచాం. పొడిగా ఉన్నప్పుడు గొట్టంలో హాయిగా తిరిగే గొర్రెతోలు తొడుగు, నాలుగోసారి బకెట్లో ముంచేసరికి ఉబ్బి గొట్టానికి పట్టేస్తోంది. మనిషి దానితో కుస్తీ పడుతున్నాడు. తప్పు మనిషిది కాదు, తోలుది.

ఇక్కడ నేను రెండు మార్పులు చేశాను. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది.

మంచిది: ముంచిన ప్రతిసారీ స్పంజిని బకెట్ అంచుకి నొక్కి పిండాలి, తోలు పీచుని కత్తెరతో కొంచెం తగ్గించాలి.

చెడ్డది: సమయం కలిసొస్తుందని పొడి స్పంజిని రౌండు విడిచి రౌండు చేద్దామన్నాను. పైగా రెండు ఫిరంగులకీ పద్ధతి ఒకటే ఉండాలని, బాగా నడుస్తున్న ఒకటోదానికీ అదే రుద్దాను. మా గోలందాజు "లెఫ్టినెంట్, ఒకటోదానికి జబ్బు లేదు కదా" అన్నాడు. ఏకరూపత ముఖ్యం అని జవాబిచ్చాను. కోటు మీద భుజపట్టీలు కుట్టగానే మనిషికి ఇలాంటి మాటలు వస్తాయి కాబోలు.

రెండో ఫిరంగి 3:45కి దిగింది. నింపకుండా ఉత్త సాధనలో కొలిచిన అంకె అది. ఫిరంగికి 4 నిమిషాల చక్రం, రెండింటి మధ్య 2 నిమిషాల ఎడం అని ఖాయం చేశాను. వేగమున్నదాన్ని బట్టి చక్రం పెడితే నెమ్మదైనది పరిగెత్తాల్సొస్తుంది. పరిగెత్తే ఫిరంగి దగ్గర ఎవరో ఒకరు ఏదో ఒకటి మరిచిపోతారు.

రేకు గురించి ఒక చిన్న కొలత. మా పొట్లాలు మందపాటి అల్యూమినియం రేకువి. ఈ 12 పేలుళ్లలో కొక్కెం కర్ర 12 సార్లూ ఏదో ఒక ముక్క లాగింది. రెండుసార్లు ముక్క ఇంకా వేడిగా ఉంది. రేకు చివరని నాలుగు మడతలు వెయ్యడం మాని రెండే వేశాం, పెద్ద ముక్కలు తగ్గాయి. కొక్కెం కర్ర మాత్రం ప్రతి రౌండుకీ తప్పదు.

మొత్తం లెక్క: పేల్చినవి 20. ఈ దశలో 84 ఔన్సులు. మిగిలింది 260.

దశ 4: జనం ముందు మొదటి రోజు, పేలని పొట్లం

పథకం: ఒక్కోదానికి 8. మొదటి అయిదు రౌండ్లు గడియారం ముల్లులా నడిచాయి.

ఒకటో ఫిరంగి ఆరో రౌండు. తాడు లాగాడు. ప్రైమర్ 'టిక్' మంది, అంతే. పొగ లేదు, చప్పుడు లేదు.

మా నియమం: ఎవరూ కదలకూడదు, ముందుకు పోకూడదు. 3 నిమిషాలు ఆగాలి. ఫిరంగి బండి చక్రానికి బయటి నుంచే మళ్లీ పొడిచి కొత్త ప్రైమర్ పెట్టాలి. మూడుసార్లు విఫలమైతే ఆ ఫిరంగి ఆ రోజుకి చచ్చినట్టే. రంధ్రంలోంచి నీళ్లు పోసి, 30 నిమిషాలు వదిలేసి, అప్పుడే పొట్లం లాగాలి.

ఇదంతా నాకు బట్టీ వచ్చు. అయినా నేను చేసింది చూడండి. ఒకటో ఫిరంగి వైపు పూర్తిగా తిరిగి, కదలకండి అని చెప్పడానికి కుడి చెయ్యి పైకెత్తాను. వాళ్లు ఆగారు. చెయ్యి దించాను.

నా వెనక రెండో ఫిరంగి పేలింది.

చెయ్యి లేపితే 'సిద్ధం', దించితే 'పేల్చు'. నేను రాసిన సైగే. రెండో ఫిరంగి సార్జెంటు నా చెయ్యి చూశాడు, తిరిగి చూపించాడు, దించగానే పేల్చించాడు. ఆయన తప్పు వెంట్రుకవాసి కూడా లేదు. ఆయన చూపించిన సైగని నేను చూడలేదు, ఎందుకంటే నేను ఆ వైపు లేను. ముందు మైదానం ఖాళీగా ఉండటం ఒక్కటే అదృష్టం. ఆ మోతకి, పేలని పొట్లం ఉన్న గొట్టం పక్కన మూడో నంబరు ఎగిరిపడ్డాడు.

సమయాలు: 0:00 మొదటి టిక్. 3:40 రెండో ప్రైమర్, టిక్. 7:20 మూడోది, టిక్. ఫిరంగి రద్దు. ఒక పొట్లం నీళ్ల పాలు, మూడు ప్రైమర్లు దండగ.

జనానికి అది తెలియకూడదు. ఒకటో ఫిరంగి సార్జెంటు చటుక్కున అందరినీ గొట్టానికి దూరంగా వెనక్కి పిలిచి, శత్రువు గుండు తగిలినట్టు ఇద్దర్ని పడుకోబెట్టాడు. స్ట్రెచర్ వచ్చింది, చప్పట్లు పడ్డాయి. నేను ఆడిన నాటకంలో మెప్పు పొందింది అదొక్కటే, అది కూడా నా ఆలోచన కాదు.

నలభై నిమిషాల తర్వాత పొట్లం లాగి చూశాం. అడుగున బురద. మసి, నీళ్లు కలిసి నల్లటి పేస్టు. రంజకపు రంధ్రం కింది సగం దానితో పూడిపోయింది. ప్రైమర్ మంట మందుదాకా దిగలేదు. అయిదో రౌండు తర్వాత పొడి స్పంజి లేదు, నేను పెట్టిన 'రౌండు విడిచి రౌండు' పుణ్యమాని. ఒకటోది 6 ఔన్సుల చిన్న చార్జి. దాని వేడికి మిగిలిన తడి ఆరలేదు. 8 ఔన్సుల రెండోది ఎలాగో బతికిపోయింది. జబ్బు లేనిదానికి వైద్యం చేసి నేనే జబ్బు తెచ్చాను. గోలందాజు ఏమీ అనలేదు. బకెట్ కడుక్కుంటూ ఈల వేశాడు.

ఆ రాత్రి మార్చినవి:

1. పొడి స్పంజి ప్రతి రౌండుకీ. చర్చ లేదు.
2. నింపే ముందు మూడో నంబరు చువ్వని రంధ్రంలో అడుగుదాకా దించి చూడాలి. చువ్వ మీద గీత గీశాం. గీత రంధ్రం అంచుకి దిగకపోతే లోపల అడ్డు ఉన్నట్టు.
3. 'సిద్ధం', 'పేల్చు' ఇక నుంచి కత్తితో మాత్రమే. ఉత్త చేతికి అర్థం లేదు.
4. పేలకపోతే ఆ ఫిరంగి సార్జెంటే యజమాని. ఒకటో నంబరు కర్రని తలపైన అడ్డంగా పట్టుకుంటాడు. అది చూడగానే నేను మొదట అవతలి ఫిరంగిని ఆపి, ఆ తర్వాతే ఏమైనా.
5. నేను పేలని ఫిరంగి వైపు నడవకూడదు. గోలందాజుగా ఉన్న అలవాటు కాళ్లని అటు లాగుతుంది. నా స్థానంలో నేల మీద ఒక రాయి పెట్టాం, ఎడమ మడమ దాని మీదే ఉండాలి.

మొత్తం లెక్క: ఈ రోజు పేల్చినవి 12 (5 + 7), మొత్తం 32. మందు 86, నీళ్ల పాలైంది 6. మిగిలింది 168 ఔన్సులు.

దశ 5: రెండో రోజు, దూరం అనే అబద్ధం

మా నియమం ప్రకారం నోటి ముందు 75 గజాల్లో మనిషి ఉంటే పేల్చకూడదు. మొదటి రోజు దీన్ని కంటి అంచనాతో నడిపాను. రెండో రోజు తెల్లవారుజామున కుర్రాడిని ముందుకి నడిపించి, 75 అనిపించిన చోట ఆపమని చెయ్యి ఊపాను. టేపుతో కొలిచాం.

మొదటి అంచనా: 58 గజాలు.
రెండోది, కాస్త పల్లంలో: 61.
మూడోది, ఎండ ఎదురుగా: 66.

మూడూ తక్కువే. అంటే ముందు రోజు 75 అనుకుని పేల్చినవాటిలో కొన్ని 60 దగ్గరివి అయ్యుండొచ్చు. తిన్న టిఫిను కడుపులో తిరిగింది.

"అన్నా, కర్రలు పాతేద్దామా?" అన్నాడు కుర్రాడు.

"కర్రలు పాతితే జనానికి కనబడతాయి. ఉన్నవాటిలోనే వెతుకు."

75 మీద ఒక ఎండిన మొద్దు దొరికింది, కంచె మూడో గుంజ దొరికింది. వాటి మధ్య ఊహాగీత. పదాతి దళాల కెప్టెన్లు ఇద్దరినీ పిలిచి ఆ గీత చూపించాను. ఆ గీత దాటి వచ్చినవాడు నా ఫిరంగిని ఆపినట్టే, వాళ్ల వీరత్వానికి నా దగ్గర మందు ఉండదు అని చెప్పాను. ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

పొగకి వేరే నియమం: మొద్దు కనబడకపోతే కత్తి లేవదు, గడియారం ఏమన్నా సరే.

ఇది రాస్తుంటే గెటిస్‌బర్గ్ యుద్ధం గుర్తొస్తోంది. 1863 జులై 3 మధ్యాహ్నం దక్షిణాది ఫిరంగులు సుమారు 150 ఒకేసారి మొదలుపెట్టాయి. ఆ పొగలో తమ గుళ్లు ఎక్కడ పడుతున్నాయో వాళ్లకి సరిగా కనబడలేదు, చాలావరకు గట్టు దాటి వెనక పడ్డాయి. ఇటు యూనియన్ ఫిరంగి దళాల అధిపతి హెన్రీ హంట్ తన వాళ్లకి నెమ్మదిగా పేల్చండి, గుళ్లు దాచండి అని చెప్పుకుంటూ తిరిగాడు. పదాతి దళానికి ధైర్యం రావాలంటే ఫిరంగులు మోగాలని యూనియన్ జనరల్ హాన్‌కాక్ పట్టుబట్టాడు. ఆయన మాట విన్న బ్యాటరీలకి (ఫిరంగి జట్లకి), అసలు దాడి కదిలేసరికి దూరపు గుళ్లు అయిపోయాయి. శత్రువు దగ్గరికొచ్చాక వాడే కానిస్టర్ (చిన్న గుళ్లు నింపిన డబ్బా) మాత్రమే మిగిలింది. నా ఇద్దరు కెప్టెన్లు ఆ మధ్యాహ్నం చేసింది చిన్న సైజు హాన్‌కాక్ పనే. ఇంకాసేపు మోగించండి, జనం చూస్తున్నారు అని రెండుసార్లు కబురు పంపారు.

రెండో ఫిరంగి ఎనిమిదో రౌండు. 3:00 నిండింది. పొట్లం ఇంకా ఐదో నంబరు తోలు సంచిలోనే ఉంది. మొద్దు ఇవతలికి దక్షిణాది వేషం వేసిన పదాతుల బూడిదరంగు కోట్లు ఆరేడు వచ్చేశాయి, జోరు మీద ఉన్నాయి. రెండు చేతులూ తలపైన అడ్డం పెట్టి 'సీజ్ ఫైర్' అన్నాను. ఇంగ్లీషులోనే. సార్జెంట్లు తిరిగి చూపించారు. కుర్రాడు సంచి మూత నొక్కిపెట్టి వెనక్కి తిరిగి లింబర్ దాకా నడిచాడు. పరిగెత్తలేదు. మూత పడిన చప్పుడు వినబడింది.

రోజు విరామాలు: ఒకటోది 4:00 చక్రం, ఎక్కువలో ఎక్కువ 4 సెకన్ల తేడా. రెండోది పొగ వల్ల రెండుసార్లు ఆలస్యం, 4:35, 4:50. పేలనివి సున్నా. గీత దిగని చువ్వ ఒకసారి. మళ్లీ తుడిచాక దిగింది.

మొత్తం లెక్క:

ఒకటో ఫిరంగి: 23 పేలుళ్లు, 138 ఔన్సులు.
రెండో ఫిరంగి: 24 పేలుళ్లు, 192 ఔన్సులు.
కలిపి 47 పేలుళ్లు, 330 ఔన్సులు. నీళ్ల పాలు 6.
మిగిలింది 64 ఔన్సులు, అంటే 4 పౌండ్లు.

ఇంకా చెయ్యాల్సినవి

రెండో ఫిరంగికి ఇంకో స్పంజి తల కావాలి, ఈసారి కట్టె తలనే సన్నంగా తిప్పించి దానిపైన తోలు. కుట్టేవాళ్లు దొరికేదాకా కత్తెరే దిక్కు.

కత్తి సైగ పొగలో బూడిద రంగు మీద బూడిద రంగులా ఉంది. పిడికి ఎర్రగుడ్డ కడదామా అంటే ఆ కాలపు వేషానికి నప్పదని దళంలో గొడవ నడుస్తోంది. నేను గుడ్డ పక్షం.

పదాతి దళం వాళ్లతో గీత గురించి పొద్దున చెప్పడం చాలదు. వాళ్ల సార్జెంట్లని ఒక్కసారి మొద్దు దాకా నడిపించాలి. విన్నదానికీ నడిచినదానికీ తేడా ఉంది. 75 గజాల విషయంలో ముందు రోజు దాకా నేనూ విన్నవాణ్ణే.

కుర్రాడు వచ్చే సీజన్‌కి మూడో నంబరు అడిగాడు. తోలు తొడుగు ఎవరిది వాళ్లే కుట్టుకోవాలన్నది మా పద్ధతి. బొటనవేలు చుట్టుకొలత తీసుకున్నాను, రెండుముప్పావు అంగుళాలు. లోపల గుర్రపు వెంట్రుకలు దట్టంగా కూరమన్నాను. నా మొదటి తొడుగులో అవి పల్చగా ఉండేవి. వేలి మీద మచ్చ ఇంకా ఉంది.